అరికాళ్ళ సాక్ష్యం

తెగిన సంచి పట్టీ కుట్టించుకుందామని కింద గోదాములకు తాళాలున్న పాత భవనం రెండో అంతస్తులోని కుట్టుకేంద్రానికి వచ్చిన ముసలాయన, గడప దగ్గర చెప్పులు విప్పి, లోపలికి రెండడుగులు వేసి ఆగిపోయాడు.

“చిల్లర పనులు చెయ్యం పెద్దాయనా. కింద వీధిలో అడుగు,” అన్నాడు సూపర్‌వైజరు, చొక్కాల దొంతర మీదినుంచి తల ఎత్తకుండానే.

ముసలాయనకు సంచి సంగతి గుర్తున్నట్టు లేదు.

“బాబూ, ఒక్కసారి మిషన్లు ఆపించు.”

“ఎందుకు?”

“అవి ఆగినా ఈ అదురు ఆగదు. కావాలంటే చూడు.”

“సాయంత్రానికి సరుకు లారీ ఎక్కాలి. పని మానేసి అదురు చూస్తూ కూర్చోమంటావా?”

ముసలాయన కళ్ళు మూసుకున్నాడు. కాలివేళ్ళు నేల మీద విచ్చుకున్నాయి. కూలబోయేదంతా రెప్పల వెనక ఒకసారి కూలింది.

“ముందు ఆ మూల స్తంభం కుంగుతుంది. తర్వాత కప్పు. మెట్లు ఆఖరున. అందర్నీ దించెయ్యి నాయనా, టైం లేదు.”

ఆ స్తంభం పక్కనే, గుడ్డపేలికల బుట్టలో, ఒక కుట్టుపనామె ఏడాది పాప నిద్రపోతోంది.

సూపర్‌వైజరు అజాగ్రత్త మనిషేమీ కాడు. గోడ బీటను ఇంజనీరుకు చూపించి, ‘పగిలింది పైపూత మాత్రమే’ అని రాయించుకున్న కాగితాన్ని సొరుగులో భద్రంగా దాచినవాడు.

“కూలుతుందని నీకెవరు చెప్పారు?”

“అరికాళ్ళు.”

ముప్పై మిషన్ల వెనక నవ్వులు లేచాయి.

“మోకాళ్ళేమంటున్నాయి తాతా?” అంది కాజాలు కుట్టే అమ్మాయి.

“మా ఆయన ఎప్పుడు మారతాడో కనుక్కో తాతా, ఆ కాళ్ళకే మొక్కుతా!” అంది పక్కనామె.

“ఆధారం చూపించు, ఈ క్షణమే దించేస్తాను,” అన్నాడు సూపర్‌వైజరు. “లేదంటే దయచెయ్యి.”

ముసలాయన ఒంటికి తెలిసినదంతా నోటికి తెలియదు.

ఒక్క ఉదుటున మూలకు వెళ్ళి, బుట్టలోని పాపను ఎత్తుకుని, మెట్ల మీదికి పరుగెత్తాడు.

“నా బిడ్డ!”

మిషన్లన్నీ ఒక్కసారే ఆగాయి.

“పిల్లల్ని ఎత్తుకుపోయేవాడు! పట్టుకోండి!”

ముప్పై మంది ఆడవాళ్ళు, ఇస్త్రీ మనిషి, సూపర్‌వైజరు మెట్లు దూకి పరుగెత్తారు.

ముసలాయన దూరం పోలేదు. రోడ్డు దాటి, ఖాళీ స్థలంలో కూలబడి, పాప మీద గొడుగులా వంగాడు. పారిపోయే దొంగ అలా ఎందుకు ఆగుతాడని ఒక్కరూ ఆలోచించలేదు.

తల్లి అతని జుట్టు పట్టి వెనక్కి గుంజి, పాపను లాక్కుంది. ఆ తర్వాత ఎవరి చేతిలో ఏముంటే అది లేచింది. చెప్పు, కర్ర స్కేలు, రాయి. ఇస్త్రీ మనిషి వేడి పెట్టెతోనే వచ్చాడు, దానితోనే కొట్టాడు. చెంప కాలింది. రెండు పళ్ళు దుమ్ములో పడ్డాయి.

“అందరూ వచ్చేశారా?” అన్నాడు ముసలాయన, నెత్తురు మింగుతూ.

“వచ్చాం రా, నీ పాడె మొయ్యడానికి!”

ఎవరిదో మడమ అతని పక్కటెముకల్లో దిగింది. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది.

“అందరూ… వచ్చేశారా?”

“ఇంకా ఎవర్ని ఎత్తుకుపోదామని రా?”

“అందరూ…”

గుడ్డ కొలిచే ఇనప బద్ద సూపర్‌వైజరు చేతిలో ఉంది. దాన్ని రెండు చేతులా ఎత్తి నడినెత్తిన దించాడు.

వెనక భూమి దద్దరిల్లింది.

తిరిగి చూశారు. ముందు మూల స్తంభం కుంగింది. తర్వాత కప్పు. ఆఖరున మెట్లు.

దుమ్ము అణగడానికి చాలాసేపు పట్టింది. ముప్పై ఇద్దరూ రోడ్డుకు ఇవతలే ఉన్నారు. తల్లి చంకలో పాప దగ్గుతోంది. దుమ్ము పడిన ముసలాయన కళ్ళు మాత్రం రెప్ప వెయ్యడం లేదు.

మర్నాడు, ముసలాయన జేబులో దొరికిన నంబరుకు ఫోన్ చేస్తే, శవాగారానికి ఒక మేస్త్రీ వచ్చాడు. పోలీసు పక్కన తల దించుకుని నిలబడ్డ సూపర్‌వైజరే అడిగాడు.

“ఈయన మీకేమవుతారు?”

“మా ముఠా మనిషండీ. పాత భవంతులు కూలగొట్టే పని మాది.”

“ఈ వయసులో సుత్తి కొట్టేవారా?”

“ముప్పై ఏళ్ళలో సుత్తి ముట్టిందే లేదు.”

“మరి… ఏదైనా మహిమా?”

“మహిమా పాడా! నాలుగుసార్లు పొరబడ్డాడు. మేం పరుగెత్తాం, గోడ పడలేదు. పడీ పడీ నవ్వాం. ‘పొరబడితే పోయేది పరువేగా’ అనేవాడు.”

“మరి పనేమిటి?”

మేస్త్రీ దుప్పటి తొలగించి, పగుళ్ళు తేలిన ఆ పాదాలను రెండు చేతులతో పట్టుకున్నాడు.

“మేం గోడలు కొడుతుంటే, చెప్పులు విప్పి నడిమధ్యన నిలబడేవాడండీ. ఆయన దిగమంటే దిగేవాళ్ళం. ‘అందరూ వచ్చేశారా’ అని మూడుసార్లు అడిగి, మా జవాబు విన్నాకే ఆయన దిగేవాడు.”