గార్డు పట్టుకున్న తలుపు

ఆర్ట్ గ్యాలరీలో పెయింటింగ్ పోయిందట. అదీ పట్టపగలు, కెమెరా చూస్తుండగా, గుమ్మంలో గార్డు నిలబడి ఉండగా. ఎలా పోయిందో పోలీసులకు అంతుబట్టడం లేదట.

మంగళవారం ఉదయం మఫ్టీలో రచయిత ఇంటికొచ్చిన ఇన్‌స్పెక్టర్ ఈ సంగతి చెప్పి, చేతులు జోడించినంత పని చేశాడు.

“మీరే దారి చూపించాలి సార్. మావాళ్ళంతా చేతులెత్తేశారు. పేపర్లకెక్కితే పరువు పోతుందని గుట్టుగా ఉంచాం, మీరూ ఉంచండి.”

రచయిత ఛాతీ రెండంగుళాలు పెరిగింది. ఇరవై రెండు క్రైమ్ నవలలు రాసిన చెయ్యి ఆయనది. రోజుకు రెండు థ్రిల్లర్లు, భోజనానికి ముందొక దెయ్యం సినిమా పడందే ముద్ద దిగదు. టైటిల్స్ అయ్యేలోపే హంతకుడెవరో చెప్పేస్తాడు. అడక్కపోయినా చెప్పేస్తాడు. అందుకే బావమరిది ఈయనతో సినిమాకి రావడం మానేసి ఆరేళ్ళయింది. ఇన్నాళ్ళకు ఆ విద్య విలువ తెలిసిన మనిషి గడప తొక్కాడు.

“ఈయన చూసేవన్నీ సినిమాలేనండీ,” అంది భార్య కాఫీ అందిస్తూ. “నిజం దొంగని ఇంతవరకూ చూసిన పాపాన పోలేదు.”

ఇన్‌స్పెక్టర్ మర్యాదగా నవ్వి, గ్యాలరీ ప్లాను బల్ల మీద పరిచాడు. రచయిత దాని మీదికి వంగి కళ్ళు సగం మూశాడు.

“కెమెరా వైర్లు కొయ్యడం పిల్లచేష్ట. దొంగ గోడలకు రంగులేసేవాడిలా వచ్చాడు. నిచ్చెన తెచ్చి కెమెరాకి అడ్డంగా వేసి, దాని మీద దుప్పటి ఆరేశాడు. నిచ్చెన మోసుకొచ్చేవాణ్ణి ఎందుకొచ్చావని ఎవడూ అడగడు.”

“మరి బొమ్మ బయటికెలా వెళ్ళింది సార్?”

“రంగు మరకల దుప్పట్లో చుట్టి. చేతులు ఖాళీ లేవు కదా, తలుపు గార్డు చేతే తీయించాడు.”

“పాపం, గార్డు.”

“మర్యాదస్తుడు. వెళ్ళేదాకా తలుపు పట్టుకునే ఉంటాడు.”

ఇన్‌స్పెక్టర్ ఒక్క ముక్క వదలకుండా రాసుకున్నాడు. నిచ్చెన ఎన్ని అడుగులుండాలో కూడా అడిగి తెలుసుకున్నాడు. ఇంత శ్రద్ధగల పాఠకుడు రచయితకు జన్మలో తగల్లేదు.

గుట్టుగా ఉంచమన్నారు కాబట్టి, రచయిత ఈ సంగతి మంగలికి, మందుల షాపతనికి, మెట్ల మీద ఎదురైనవాళ్ళకు, బావమరిదికి మాత్రమే చెప్పాడు. బావమరిదికి రెండుసార్లు.

గురువారం సాయంత్రం ఇంకో ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. ఈయన యూనిఫాంలో ఉన్నాడు, వెంట ఇద్దరు కానిస్టేబుళ్ళు. సన్మానానికి పిలవడానికొచ్చారనుకుని రచయిత లోపలికెళ్ళి ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు.

“గ్యాలరీ దొంగతనం ఎలా జరిగిందో పూసగుచ్చినట్టు చెప్పారటగా?”

“ఏం, అచ్చం అలాగే జరిగిందా?”

“అచ్చం అలాగే. నిచ్చెన, దుప్పటి, తలుపు పట్టుకున్న గార్డు. మీరు చెప్పారని మంగలి సాక్ష్యమిచ్చాడు. మీ బావమరిదిగారైతే అడక్కముందే ఇచ్చారు.”

రచయిత భార్య వైపు గర్వంగా చూశాడు. “మంగళవారమే తేల్చి పారేశాను, ఇన్‌స్పెక్టర్‌గారూ.”

“చిక్కంతా అక్కడే ఉంది సార్,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “బొమ్మ పోయింది ఇవాళ పొద్దున.”