మసక వేసిన ముఖం

“ఇలాగేనా చూపించేది? పిల్లలున్న ఇళ్ళలో కూడా చూస్తారన్న ఇంగితం ఉందా మీకు?”

తలుపు తోసుకుని వచ్చినావిడ గొంతుకి వార్తల ఎడిటరు చేతిలో టీ ఒలికింది. వెనకే వచ్చిన కాపలావాడు చేతులు నలుపుకుంటూ, “ఆపితే ఆగలేదండీ” అన్నాడు.

ఎడిటరుకి ఒళ్ళు మండింది. పొద్దుటినుంచీ ఇలాంటి ఫోన్లే. గోడ మీది టీవీలో మళ్ళీ అదే వస్తోంది. బడి ప్రహరీ వెనక ఒక కుర్రాడు, కింద పడ్డ ఇంకో కుర్రాణ్ణి డొక్కలో తంతున్నాడు. ఇద్దరి ముఖాల మీదా మసక. ఊరంతా మన ఛానలే చూస్తోందని పైవాళ్ళు భుజం తట్టి వెళ్ళారు, ఇంతలో ఈ గొడవ.

“కూర్చోండమ్మా.”

“కూర్చోడానికి రాలేదు. మావాడికి పదమూడేళ్ళు. మొన్నటినుంచి కంచం ముందు పెట్టుకుని ఇదే చూస్తున్నాడు. రెప్ప వెయ్యడు.”

“టీవీ కట్టెయ్యండి.”

“కట్టేశా. ఫోన్లో చూశాడు. ఫోను లాక్కున్నా. పక్కింటి కిటికీ దగ్గర నిలబడి చూశాడు. మా వీధిలో పిల్లలకి ఇప్పుడు ఇదే ఆట. ఒకడు పడుకుంటాడు, ఇంకొకడు తంతాడు. తన్నే వంతు కోసం కొట్టుకు చస్తున్నారు!”

ఎడిటరు తనకి కొట్టినపిండి అయిన ఉపన్యాసం ఎత్తుకున్నాడు. “దాచినంత మాత్రాన లోకంలో దెబ్బలాటలు ఆగవమ్మా. మేం అద్దం లాంటివాళ్ళం. ఉన్నది ఉన్నట్టు చూపిస్తాం.”

“అద్దంలో ముఖం కనపడుతుంది కదయ్యా! మసక పూశారేం?”

“అది పిల్లల మంచికే. చట్టం కూడాను. రేపు వాళ్ళు నలుగురిలో తిరగొద్దూ?”

“ఆ దెబ్బలు తిన్నవాడు లేచి తిరుగుతాడో లేదో! పొద్దున ఆసుపత్రికి వెళ్ళా. గుమ్మంలోనే ఆపేశారు.”

“మా విలేఖరినీ ఆపేశారు” అన్నాడు ఎడిటరు నొచ్చుకుంటూ.

“ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట ఒకడు. అలా ఉంది మీ వ్యవహారం!”

ఎడిటరు గొంతు తగ్గించాడు. “మీవాడు బాగా బెదిరినట్టున్నాడు. మంచి డాక్టరుకి చూపించండి.”

“బెదిరాడా!” ఆవిడ అరచేత్తో బల్ల మీద చరిచింది. “బెదిరితే బాగుపడేవాడు. కింద మీ వరండాలో కూర్చోబెట్టి వచ్చాను. అక్కడా మీ టీవీకేసే చూస్తున్నాడు, నవ్వుతూ. ఇక్కణ్ణుంచి వాణ్ణి పోలీసు స్టేషనుకి తీసుకెళ్ళి మీ సంగతీ చెప్తాను. కడుపు రగిలిపోతోంది నాకు.”

స్టేషను మాట వినగానే ఎడిటరు కాస్త దిగొచ్చాడు. ఆయనకీ ఇంట్లో ఓ కూతురుంది. ఈ వీడియో అదెన్నిసార్లు చూసిందో ఆయన అడగలేదు. అడగాలని ఇప్పుడే తట్టింది. విసుగ్గా ఫోను అందుకున్నాడు.

“సరేనమ్మా, మీ మాటే నెగ్గింది. ఈ క్షణం నుంచి ఆ వీడియో ఆపించేస్తాను. చాలా?”

“ఆపమని నేనెప్పుడన్నా?”

ఎడిటరు తెల్లమొహం వేశాడు. “మరి?”

“వెయ్యండి. పొద్దస్తమానం వెయ్యండి. దెబ్బలు తిన్న బిడ్డకి మసక ఉంచండి. ఆ తన్నేవాడి ముఖం మీది మసక మాత్రం తీసి వెయ్యండి. ముఖం మీరు దాచిపెడితే వాడికి సిగ్గెక్కణ్ణుంచి వస్తుంది?”

“భలేవారే! ఎవరి బిడ్డో ఏమో, వాడి తల్లి ఊరుకుంటుందా? మమ్మల్ని కోర్టుకీడుస్తుంది!”

ఆవిడ టీవీ వైపు చెయ్యి చాపింది.

“వాడి తల్లిని నేనే.”