రోజూ పెట్టుకునే ఉంగరం

సగం దించిన షట్టర్ కిందనుంచి గులాబీ కండువా ఒకటి లోపలికి దూరింది. ఇంకేముంది, నగల దుకాణం మేనేజరు రామబ్రహ్మానికి గుండె జారిపోయింది.

"మూసేస్తున్నామండి! అయిదంటే అయిదే నిమిషాలు! సమ్మెకి మేం అడ్డం కాదండి బాబూ!"

"బంద్ చేయించనీకి రాలే సార్. ఉంగరం మార్సుకోనీకి వచ్చిన."

మెడలో కండువా ఉన్న ఆ మనిషి పేరు మొగిలి. హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ వాళ్లను తిప్పే క్యాబ్ డ్రైవరు. సకల జనుల సమ్మె మొదలయ్యాక క్యాబ్‌లో కంటే ధర్నాల్లోనే ఎక్కువ కనిపిస్తున్నాడు. ఎల్లుండి అతని నిశ్చితార్థం. మదీనాగూడలోని ఈ దుకాణంలోనే మొన్న కొన్న ఎర్రరాయి ఉంగరాన్ని తీసి కౌంటర్ మీద పెట్టాడు.

"గిది బీరువల దాసుకునే ఉంగరం, నాకొద్దన్నది. రోజూ పెట్టుకునేది తెస్తే తే, లేకుంటే ఎల్లుండి నువ్వు గూడ రాకు అన్నది." పాపం, అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. "జర మంచిది చూడున్రి మేడమ్. నా లగ్గం మీ చేతిలనే ఉన్నది."

కౌంటర్లో ఉన్న రసజ్ఞకు ఆ వారమే శిక్షణ ఇచ్చారు. ఊరికే ఉంగరాలు చూపించకూడదు, ముందు పెట్టుకునేవాళ్ల లైఫ్‌స్టైల్ కనుక్కోవాలి. ఆ అమ్మాయి నేర్చుకున్నది నేర్చుకున్నట్టే అడిగింది.

"ఆవిడ లైఫ్‌స్టైల్ ఎలా ఉంటుందండి?"

"గదేంది మేడమ్?"

"అంటే... రోజంతా ఏం చేస్తారు? కంప్యూటర్ మీద పనా? ఇంట్లోనే ఉంటారా?"

"ఇంట్లనా! పొద్దుగాల లేస్తే రోడ్డు మీదనే. ర్యాలీ ఉంటే ర్యాలీ, ధర్నా ఉంటే ధర్నా. మేం పోయేటాళ్లకే ఆమె ఆడ ఉంటది."

ఓహో, ఉద్యమ జంటా! రసజ్ఞకు అర్థమైపోయింది. "అయితే నినాదాలవీ గట్టిగా ఇస్తారన్నమాట."

"లేదు. నోరే తెరవది."

అర్థమైంది కాస్తా పోయింది. "మరి అక్కడికెళ్లి ఏం చేస్తారండి?"

"నిలబడ్తది. ఎండల, వానల, అట్ల నిలబడ్తనే ఉంటది. తోపులాట అయితే మాత్రం ముందు వరసల ఆమెనే. గీ ఉంగరం మీది ఎత్తు రాయి ఎవలి చున్నీకన్న తట్టుకుంటే చినుగుతది. కర్ర గట్టిగ పట్టుకుంటే వేలుకు గుచ్చుకుంటదట."

"జెండా కర్రా?"

"జెండా ఉండది. ఉత్త కర్రనే."

జెండా లేని కర్రేమిటి? రామబ్రహ్మం షట్టర్ సంగతి మర్చిపోయి దగ్గరికొచ్చాడు. "ఏమయ్యా, అరెస్టులవీ కూడా ఉంటాయా?"

"వ్యాన్‌ల ఎన్నిసార్లు పోయిందో లెక్కే లేదు సార్. ఒక్కోపారి రెండు దినాలు స్టేషన్‌లనే. ఇంటికి పంపరు. తిండికి ఠికానా ఉండది." మొగిలి కళ్లలో నీళ్లు తిరిగాయి.

రసజ్ఞకు జాలేసింది. "ఒక్కసారి ఆవిడనే తీసుకురండి. వేలికి పెట్టి చూద్దాం."

"వద్దు మేడమ్, వద్దు!" మొగిలి బయటికి తొంగిచూసి గొంతు తగ్గించాడు. "నా పక్కన ఆమెను మావోళ్లు చూస్తే నా పని ఖతం. ఆమెవోళ్లు చూస్తే ఆమె పని ఖతం. లగ్గం అయినంక ఏమన్నగానీ."

రామబ్రహ్మం రసజ్ఞను పక్కకి లాగాడు. "అమ్మాయ్, ఇదేదో అజ్ఞాతంలో ఉన్నవాళ్ల వ్యవహారంలా ఉంది. చేతికందింది ఇచ్చి పంపించెయ్. మనకెందుకొచ్చిన గొడవ!"

రసజ్ఞ మొండిది. అజ్ఞాతమైతే మాత్రం, ఆడపిల్ల వేలు వేలు కాదా? నాలుగు ట్రేలు వెతికి, రాయి లేని సాదా ఉంగరం ఒకటి తీసింది. వెడల్పుగా ఉంది. అంచులు నున్నగా ఉన్నాయి. దేనికీ తట్టుకోదు.

మొగిలి దాన్ని చిటికెనవేలికి ఎక్కించి పిడికిలి బిగించాడు. అంతటితో నమ్మకం కుదరలేదు. షట్టర్ లాగే కొక్కెం కర్ర మూలన కనిపిస్తే తీసుకుని, రెండు చేతులా పట్టి గాల్లో ఒక్క ఊపు ఊపాడు. రామబ్రహ్మం రెండడుగులు వెనక్కి గెంతాడు.

"గుచ్చుకుంటలేదు!" మొగిలి మొహం వెలిగిపోయింది. "గిదే మేడమ్! గిదే! మీ కడుపు సల్లగుండ, నన్ను బతికిచ్చిన్రు."

ఆ ఆనందం చూసి రామబ్రహ్మానికి భయం సగం పోయింది. తనే స్వయంగా ఉంగరాన్ని డబ్బాలో పెట్టాడు. "ఉద్యమాలూ సమ్మెలూ నాకు తెలీవు గానీ బాబూ, అంత గుండె ధైర్యమున్న పిల్ల నీకెక్కడ దొరికిందయ్యా?"

మొగిలి సిగ్గుపడ్డాడు. ఉంగరం డబ్బా జేబులో వేసుకుని, కండువా సర్దుకుని షట్టర్ దగ్గర వంగాడు.

"ఆమె నాకు దొరకలే సార్, నేనే ఆమెకు దొరికిన. పోయినేడు నానక్‌రామ్‌గూడ ధర్నాల, ఉరుకుతున్న నన్ను కాలర్ వట్టి వ్యాన్‌ల ఎక్కించిన కానిస్టేబుల్ గామెనే!"