బెరడు ఇటు

పన్నెండేళ్లుగా మ్యూజియం స్టోరు కీపరు మనసులో ఒకటే ముల్లు.

అద్దాల బీరువాలో ఉన్న ఆ రాయి నిజంగా మంచు ఖండం నుంచే వచ్చిందా?

ఒకప్పుడు అది చెట్టట. కోట్ల ఏళ్లు మట్టిలో ఉండి రాయైందట. లోపలి వలయాలు మాత్రం చెక్కుచెదరలేదు, ఏడాదికొకటి.

"దేవుడి సృష్టికి వంక పెట్టను గానీ మేడమ్, నెలల తరబడి పొద్దే పొడవని చోట అడవేమిటండీ?" అనేవాడు.

"అప్పుడక్కడ వెచ్చగా ఉండేది బాబాయ్. వలయాలెంత వెడల్పో చూడండి! చలి కొరికిన మచ్చ ఒక్కటీ లేదు. చీకటి పడగానే దీపం ఆర్పినట్టు ఎదుగుదల ఆగిపోయేది, అంతే," అనేది పరిశోధకురాలు.

ఇప్పుడు ఆవిడకే దిగులు పట్టుకుంది.

ఆ అడవి నుంచి వచ్చిన తక్కిన రాళ్లన్నిట్లో మంచి ఏళ్ల వెడల్పు వలయాలు, గడ్డు ఏళ్ల సన్న వలయాలు ఒకే వరుసలో ఉన్నాయి. ఇదొక్కటే వాటితో కలవడం లేదు. ఎవరో దారిలో ఏరుకొచ్చి అంటగట్టారని కమిటీ అంటోంది. పేపర్లోనూ వేశారు. శుక్రవారంలోగా తేలకపోతే రాయి పెరట్లోకి, ఆవిడ పదేళ్ల పని చెత్తబుట్టలోకి.

సోమవారం ఒక ముసలాయన వచ్చాడు.

మరే బీరువా వైపూ కన్నెత్తి చూడలేదు. ఆ రాయి ముందే గంటసేపు నిలబడ్డాడు.

మంగళవారమూ అంతే.

బుధవారం స్టోరు కీపరు వెళ్లి ఆయన వెనకే నిలబడ్డాడు.

"ఏం పెద్దాయనా, దీంతో ఏమన్నా చుట్టరికమా?"

ముసలాయన ఉలిక్కిపడ్డాడు. "రాయి మీద తెల్ల బాణం గీసి 'బెరడు ఇటు' అని ఉందే, అది తప్పు బాబూ. బెరడు అటువైపు. ఒకసారి అద్దం తీస్తారా?"

"మీరేం చేస్తుంటారు?"

"వడ్రంగిని."

"ఇది రాయండీ. మీ ఉలి దిగదు."

"అందుకేగా నోటితో చెప్తున్నా."

స్టోరు కీపరుకు ఒళ్లు మండింది. కమిటీ పంపిన మనిషా? లేక రాయి కాజేయడానికొచ్చాడా?

"ఏదీ, సంచీ చూపించు!" మీరు కాస్తా నువ్వు అయిపోయింది.

సంచీలో మందుల చీటీ, కళ్లజోడు, తువ్వాలు.

"ఆ బాణం గీసినవాళ్లు ప్రాణాలకు తెగించి అంతదూరం వెళ్లొచ్చారు. నువ్వు నీడపట్టున కూర్చుని తప్పులు పడతావా? ఇంకోసారి ఈ గడప తొక్కావంటే మర్యాద దక్కదు!"

ముసలాయన చీటీ, కళ్లజోడు తిరిగి సంచీలో సర్దుకున్నాడు.

"మేడమ్ గారిని ఒక్కసారి తిప్పి చదవమనండి," అని మెట్లు దిగిపోయాడు.

జరిగింది విని పరిశోధకురాలు నవ్వలేదు.

"పెద్ద మానులో జానెడు ముక్క. వలయాలన్నీ తిన్నటి గీతల్లాగే కనిపిస్తాయి. ఎటు బెరడో ఆ బాణం చెప్తేనే నమ్మాం," అంటూ లెక్కను చివరి నుంచి మొదటికి తిరగరాసింది. తక్కిన రాళ్ల లెక్కతో పోల్చి చూసింది.

గడ్డు ఏడాది పక్కన గడ్డు ఏడాది. మంచి ఏడాది పక్కన మంచి ఏడాది. అచ్చుగుద్దినట్టు!

"ఇది ఆ అడవి చెట్టే బాబాయ్!" అని అరిచింది ఆవిడ. "ఆయన్ని ఎలాగైనా తీసుకురండి."

శుక్రవారం కమిటీ తన మాట వెనక్కి తీసుకుంది.

ఆదివారం స్టోరు కీపరు, సందర్శకుల పుస్తకంలోని చిరునామా పట్టుకుని క్షమాపణ చెప్పుకోవడానికి వెళ్లాడు.

తలుపు తీసిన ముసలావిడ, "బుధవారం రాత్రి నిద్రలోనే పోయారు నాయనా," అంది.

స్టోరు కీపరు చెప్పులు విప్పి గుమ్మం పక్కన నిలబడ్డాడు.

"మ్యూజియం నుంచి వచ్చానమ్మా, రాయి గురించి ఆయన చెప్పిందే నిజమైంది. ఇంతమందికి తెలియంది ఆయనకెలా తెలిసింది?"

"ఆ రాయి దొంగదని పేపర్లో చదివిన దగ్గర్నుంచి ఆయనకు కునుకు లేదు," అందావిడ. "ఆ యాత్రకు వడ్రంగిగా వెళ్లి, అందరూ బరువు, పారేయమన్నా వినకుండా మంచులో నెలరోజులు దాన్ని వీపున మోసుకొచ్చిందీ, చలికి వేళ్లు కొంకర్లు పోయి, తల మొద్దుబారి ఆ బాణం తప్పుగా గీసిందీ ఆయనే నాయనా, బుధవారం మీ దగ్గర్నుంచి వచ్చి, 'ఇన్నాళ్లకు రాయి బాకీ తీరిందే' అని హాయిగా నిద్రపోయారు."