ఐదో నంబరు ఈల

“మా అన్న సచ్చుడేంది?” అంటూ కుర్చీలోంచి లేచాడు మొగిలయ్య.

ఆయన ఉప్పల్ అభిమాన సంఘం అధ్యక్షుడు. మేము నాచారంలో సెల్‌ఫోన్ గేమ్‌లు చేస్తాం. వాళ్ల హీరో కొత్త సినిమా మీద చేసిన గేమ్‌కి మొగిలయ్య సరేనంటేనే విడుదల అన్నాడు నిర్మాత. ఫోన్‌లో ఆయనకు తెలిసినవి ఆకుపచ్చ బటన్, ఎర్ర బటన్.

“మూడు ప్రాణాలుంటాయండీ. మళ్లీ లేస్తాడు” అన్నాను.

“ఒక్కపారి గూడ సావొద్దు.”

చావు తీసేశాను. దెబ్బ తగలడం కూడా అవమానమేనట, అదీ తీసేశాను. అన్న కొట్టేదాకా రౌడీలు నిలబడి ఉండటం మరీ పొగరు అన్నాడు. ఇప్పుడు అన్న నడిచొస్తుంటే చాలు, వాళ్లంతట వాళ్లే పడిపోతున్నారు.

“మరి ఆడేవాళ్లు ఏం చెయ్యాలండీ?”

“ఈల గొట్టాలె.”

ఐదో నంబరు బటన్‌కి ఈల పెట్టాను. భూమ్మీద ఇంతకన్నా చెత్త గేమ్ ఉండదన్న ధీమాతో ఫోన్ ఆయన చేతికిచ్చాను.

మొగిలయ్య ఐదు నొక్కాడు. ఈల మోగింది. మళ్లీ నొక్కాడు. ఆపడే!

“ఇంకేమైనా తీసెయ్యమంటారా?” అన్నాను వెటకారంగా.

“పోయిన వారం మా సంఘపోళ్లకు సినిమా ముందే ఏసి సూపిచ్చిన్రు, చెల్లె” అన్నాడు, తలెత్తకుండా. “హాల్ల ఒక్కడు గూడ ఈల గొట్టలే. నేను గూడ కొట్టలే.”

మళ్లీ ఐదు నొక్కాడు.