సునంద అడిగిన ప్రార్థన

"మా ఇంటికి రా అక్కా, ప్రార్థన చేసి పోదువు" అని సునంద నా దారికి అడ్డం వచ్చింది.

ఆశ్చర్యపోయాను. వజ్రకరూరు పక్కనున్న ఆ పల్లెలో నన్ను చూస్తే తలుపులు వేసుకుంటారు. చర్చి తరఫున రోగుల కోసం ప్రార్థించడం నా సేవ. డాక్టర్లు చేతులెత్తేశాకే నాకు కబురొస్తుంది. అందుకే నేను తల మీద చెయ్యి పెట్టినవాళ్లెవరూ ఎక్కువకాలం బతకలేదు. నా ప్రార్థనే వాళ్లను తీసుకుపోతుందని ఊరు నమ్మింది.

"ఎవరికి బాగలేదమ్మా?"

"లోపలికి రా అక్కా, చెప్తా."

లోపల మంచం ఖాళీగా ఉంది. ఆమె భర్త ఓబిలేష్ కింద కూర్చుని సంగటి తింటున్నాడు. గుండ్రాయిలా ఉన్నాడు.

"ఈయప్పకే అక్కా. బాగా మొక్కు" అంది సునంద. మెడకు చుట్టుకున్న కొంగు జారింది. దాని కింద మెడ మీద వేళ్ల గుర్తులు నల్లగా కమిలి ఉన్నాయి.

ఓబిలేష్ ముద్ద ఆపి ఆమెను చూశాడు, నన్ను చూశాడు. నెమ్మదిగా నవ్వాడు.

"నాకేమైందక్కా? ఎద్దు మాదిరి ఉండా."

చెయ్యి కడుక్కుని లేచి, తలుపు గడియ పెట్టాడు.

"ఎట్లాగూ వచ్చినావు గదా. ఈమె కోసం మొక్కు."