పెళ్లిగుర్రం కుంటు

విశ్వవిద్యాలయంలో గుర్రాలకు ఆపరేషన్లు చేసే నా మనుమరాలు సంధ్యారాణి గోదావరిఖని వచ్చిందని తెలిసి, మొయినుద్దీన్ తన పెళ్లిగుర్రాన్ని మా క్వార్టర్ ముందుకు తెచ్చాడు.

"కుంటుతున్నది బిడ్డా. సాయంత్రం బరాత్ ఉన్నది. పెండ్లిపిల్లగాడు ఆటోల పోతే నా ఇజ్జత్ పోతది. కోస్తవో, కుడుతవో, జల్ది చెయ్యి."

"జర నడిపియ్యి కాకా."

అతను పగ్గం బిగించి పట్టుకొని నడిపించాడు. కుంటే గుర్రంలాగే అది అడుగడుగుకూ తల ఊపింది. సంధ్యారాణి గిట్టలు తట్టింది, కీళ్లు నొక్కింది. గుర్రం ఉలకలేదు.

"అవ్వా, నువ్వు పట్టుకో."

నేను నడిపించాను. గుర్రం తల కదపలేదు.

"నీకు భయపడ్డదక్కా!" అన్నాడు మొయినుద్దీన్.

"భయం కాదు కాకా. కుంటేది నువ్వు. నువ్వు వంగినప్పుడల్ల పగ్గం దాని తలకాయను గుంజుతున్నది."

అతను మోకాలు పట్టుకొని అరుగు మీద కూలబడ్డాడు. "అయితే ఆపరేషన్ నాకే చెయ్యి."

"నేను నాలుగు కాళ్లున్నోళ్లకే చేస్త. నువ్వు దవాఖానకు పో."

బరాత్‌లో పగ్గం నేనే పట్టుకున్నాను. పెళ్లికొడుకు దిగాక, తిరుగుదారిలో మొయినుద్దీన్‌ను ఎక్కించాను. అతను సిగ్గుతో తల వంచుకున్నాడు.

"తల ఎత్తు!" అన్నాను.

గుర్రం కూడా ఎత్తింది.